కళింగాంధ్రమున గాయకుల పేరు: శ్రీముఖలింగము మొదలు విజయనగరము వఱకు

వంశధారానది యెడమ గట్టున శ్రీముఖలింగ మను గ్రామము కలదు. మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వరాలయము లచ్చట నున్నవి. తూర్పు గాంగుల రాజధానియైన కళింగనగర మిదియే. ఒకప్పు డీ సంగతి ఎవరికిని తెలియదు. పండితులు కళింగనగరమును సముద్రతీరమందలి కళింగపట్టణమున వెదకుచుండిరి. ముఖలింగమునకు చేరువనున్న పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు వేంకట రామమూర్తిగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నున్న కాలమున, గురువు లేకయే ప్రాచీన లిపుల నభ్యసించి, ఈ ఆలయ శాసనములను చదివిరి. 'ఎపిగ్రాఫియా ఇండికా' నాలుగవ సంపుటమున వజ్రహస్తుని నడగాం తామ్రశాసనమును ప్రకటించినదియు వారే. కళింగనగరమునకు దాని చోటు తిరిగి లభించుటకు వారి కృషి ముఖ్యకారణము.

పేరు పోగొట్టుకొన్న నగరమునకు పేరు తిరిగి వచ్చినది. ఆ నగరములోను, ఆ రాజుల ఇతర దేవాలయములలోను పాడినవారి పేరుమాట యేమి? కళింగాంధ్రమున శాస్త్రోక్తముగా పాడగలవారిని ఏ కాలమున ఏ పేరుతో పిలిచిరి, ఆ పేరు పెట్టినవా రెవరు, పేరు మాఱినప్పుడెల్ల పాడువారి స్థితి ఎట్లు మాఱినది అను ప్రశ్నలే ఈ వ్యాసమునకు విషయము. రాగతాళముల చరిత్ర ఇందు కానరాదు.

ముఖలింగ శాసనములలో అత్యధికములు అఖండదీప దానములు. దేవుని యెదుట దీపము ఆరకుండుటకు ధనమో పశువులో యిచ్చి, దాత తన పేరును, రాజు పాలనాసంవత్సరమును, శకవర్షమును చెక్కించుకొనెను. సంస్కృతమును, తెలుగును ఈ గోడలపై పక్కపక్కనే కనబడును. శాసనము స్వభావముచేతనే లెక్కల పత్రము. దీపమునకు కావలసిన నేతిని కొలువవచ్చును, పశువులను లెక్కింపవచ్చును. పాటకు కొలత లేదు. అందుచేత దేవాలయ శాసనములు గాయకురాలికి జీతముగా నిచ్చిన భూమిని, ఆమె నిలువవలసిన వేళను చెప్పును గాని, ఆమె ఏమి పాడెనో సామాన్యముగా చెప్పవు. సంగీతచరిత్ర వ్రాయువారికి శాసనములనుండి రావలసినంత సాయము రాకపోవుటకు కారణ మిదియే.

అయినను శాసనము లొక మేలు చేసినవి. పాడినవారి నేమని పిలిచిరో దాచినవి. ఆ పేరు 'సాని'. ఇది సంస్కృత 'స్వామిని' శబ్దమునుండి వచ్చినదని భాషావేత్తలు చెప్పుదురు. మధ్యయుగమున గొప్పయింటి స్త్రీల పేర్లకు చివర నిది గౌరవ ప్రత్యయముగా చేరెడిది. రాజబంధువులైన స్త్రీలకును, సామంతుల భార్యలకును, గుడిలో పాడి ఆడు స్త్రీలకును మాట యొక్కటే. దాక్షారామమునందు మున్నూఱుగురు సానుల సమూహమునకు 'సాని మున్నూఱు' అను వ్యవహార ముండెను. దేవాలయ పరిపాలనలో ఆ సమూహమున కొక స్థాన ముండెనని దీనివలన ఊహింపవచ్చును. గాంగుల పోషణలో నున్న శ్రీకూర్మ, సింహాచల క్షేత్రముల శాసనములందును పాటకు, ఆటకు, చామరసేవకు నియమింపబడిన సానులు కనబడుదురు. సింహాచలాలయము 13వ శతాబ్దిలో పునర్నిర్మాణము పొందినప్పుడు దానికి నాట్యమండపము కూడ ఏర్పడినది. పాటకు రాతిలో చోటిచ్చిన కాల మది.

సానిని మనమీనాడు 'శాస్త్రీయ గాయని' యని పిలిచినచో అది కాలవ్యత్యయ దోష మగును. ఆమెకు 'శాస్త్రీయము', 'అశాస్త్రీయము' అను విభాగము తెలియదు. ఆమె కున్నది వేళ. ప్రాతఃకాలపు పాట వేఱు, పవళింపుసేవ పాట వేఱు. ఆమె ఉనికిని నిర్ణయించినది రాగజ్ఞానము కాదని నేననను. కాని శాసనము దృష్టిలో రాగజ్ఞానము ఆమె వృత్తిలో నొక భాగమే. వృత్తి దేవునిది, జీతము దేవునిది, పేరు స్వామినిది.

అనంతవర్మ చోడగంగదేవుడు 1078లో కళింగనగరమున పట్టాభిషిక్తుడయ్యెను. ఉత్కలము నాతడు జయించిన పిమ్మట రాజ్యకేంద్రము వంశధారను విడిచి మహానదీ తీరమునకు, కటకమునకు తరలినది. పురుషోత్తమ క్షేత్రమున జగన్నాథుని మహాలయ నిర్మాణము నారంభించినవాడును ఇతడే. ముఖలింగము క్రమముగా పల్లె యగుట, పూరి మహాక్షేత్ర మగుట ఒకే కథకు రెండు కొనలు. ఈ మార్గముననే తెలుగు పాటయు ఉత్తరమునకు పోయినది. దీనికి ప్రత్యక్ష సాక్ష్యము నాలుగువందల యేండ్ల తరువాత, తెలుగున కాదు, ఒడియాలో దొరకును.

జగన్నాథాలయమున జయవిజయుల ద్వారముకడ గజపతి ప్రతాపరుద్రుని శాసన మొకటి కలదు. కాలము 1499. సాయంకాలపు ధూపము మొదలు 'బడసింగార' మనెడి శయనవేళ శృంగారసేవ వఱకు జయదేవుని గీతగోవిందమే పాడవలెననియు, అన్యగీతమును నేర్వరాదు, పాడరాదనియు రాజు ఆజ్ఞాపించెను. ఇతర గీతములను తెలిసియు పాడించిన అధికారి జగన్నాథునకు ద్రోహి యని హెచ్చరించెను. ఆజ్ఞ ఎవరికి వర్తించునో వరుసగా చెప్పెను: బలభద్రుని మేళమువారు, కపిలేశ్వరుని కాలమున ఏర్పడిన నర్తకులు, పాతమేళమువారు, తెలుగుమేళమువారు. ఒడియా శాసనములో మేళమునకు వాడిన మాట 'సంప్రదా'. తెలుగువారిది 'తెలంగీ సంప్రదా'.

ఈ పేరు దగ్గర కొంతసేపు ఆగవలెను. తక్కిన మేళములకు దేవుని పేరో, రాజు పేరో, ప్రాచీనతయో గుర్తు. తెలుగువారికి మాత్రము దేశమే గుర్తు. పూరిలో నిలిచి దేవుని సేవించుచున్నను వారు తెలుగువారుగనే లెక్కింపబడిరి. గాంగుల రాజధానితో పాటు దక్షిణమునుండి వచ్చినవారి సంతతి కావచ్చును; కపిలేశ్వర గజపతి 15వ శతాబ్ది మధ్యమున కృష్ణాతీరము వఱకు గెలిచినప్పుడు వచ్చినవారును కావచ్చును. రెండు దారులును తెఱచియే యుండెను. ఏ దారిని వచ్చినను వారి పాట తమ చుట్టు నున్నవారి పాటకంటె వేఱుగా వినబడి యుండవలెను. లేనిచో మేళమునకు దేశనామ మేల?

అంతట రాజాజ్ఞ వచ్చి ఆ వేఱుదనము నూడ్చి వేసినది. తెలుగుమేళ మను పేరు మిగిలినది. తెలుగు పాట నిషిద్ధ మయినది. అంతకుముందు వారు పాడిన వేమిటో శాసనము చెప్పదు, కాని నిషేధించుటకు ఏదియో యుండి యుండవలెను గదా! శాసనములు పాటను గూర్చి మాటాడవని పైని వ్రాసితిని. మాటాడిన ఈ అరుదైన చోట అది మాటాడినది ఒక పాటను నిలుపుటకు, తక్కినవానిని మాన్పుటకు. మఱియొక విశేషము: ఇదే శాసనము నలుగురు వైష్ణవ గాయకులను వేఱుగా పేర్కొనును. వారు గీతగోవిందమునే పాడుదురు. నేర్వనివారు వారి గానమును విని ఏకస్వరమున పాడుచు నేర్చుకొనవలెను. ఆడువారు కేవలము గాయకులుగా గాక నర్తకులుగా గణింపబడి, వారికి ప్రమాణముగా మగ గాయకులు నిలిచినట్లు ఇచ్చట కనబడుచున్నది. ఈ యేర్పాటు మరల మఱొక రూపమున నాలుగువందల యేండ్లకు విజయనగరమున కనబడును.

విజయనగరపు పూసపాటివారు 'గజపతి' బిరుదము ధరించినవారు, సింహాచల దేవస్థానమునకు వంశపారంపర్య ధర్మకర్తలు. అందుచే కళింగ దేవాలయ సంగీతమునకు దగ్గఱి రాజాస్థాన మేదియనిన విజయనగరమే. 1897లో పరమపదించిన ఆనందగజపతి స్వయముగా సంగీతజ్ఞుడు. ఆయన కొలువులో కర్ణాటక విద్వాంసులతో పాటు హిందూస్థానీ విద్వాంసులకును ఆదరముండెను. గురజాడ అప్పారావుగా రా కొలువువారే, సంస్థానమునకు శాసనపరిశోధకులుగను పనిచేసిరి. రామమూర్తిగారును అప్పారావుగారును విజయనగరమున సహాధ్యాయులు. ఒకరు ముఖలింగపు గోడలపై పేర్లు చదివిరి. రెండవవారు రాతిపై లేని ఒక పేరును సృష్టించిరి. ఆ పేరు మధురవాణి.

'కన్యాశుల్కము' 1892లో ప్రదర్శితమై, 1897లో ముద్రితమై, 1909లో పూర్ణముగా మాఱిన రూపమున వెలువడినది. అవి కందుకూరి వీరేశలింగముగారు మొదలగు సంస్కర్తలు భోగముమేళములను ఖండించుచున్న దినములు. దొరలును దొరతనమువారును అట్టి సభలకు పోరాదని చెన్నపట్టణమున అర్జీలు బయలుదేఱిన కాలము. పెండ్లిలో మేళము పెట్టించుట ప్రతిష్ఠ యనుకొన్న గృహస్థుడు అది అప్రతిష్ఠ యని నేర్చుకొనుచుండెను. 'సాని' యను మాట ఈ నడుమ ఎంత దిగజాఱినదో నాటకము చదివినవారికి తెలియును. స్వామిని యన్న అర్థము అడుగంటి, ఇంటివారి యెదుట పలుకరాని మాట యయినది. అట్టి సమయమున అప్పారావుగారు మధురవాణికి సంగీతమును, చమత్కారమును, అన్నిటికి మించి వివేకమును ఇచ్చిరి. వేశ్యను చూడనని వ్రతము పట్టిన సౌజన్యారావు పంతులు నింటికి ఆమె మగవేషమున పోవలసి వచ్చెను. విమర్శకు లీ ఘట్టమును నాటకీయ చమత్కృతిగా మెచ్చుకొందురు. నా కిందు చరిత్ర కనబడుచున్నది. సంస్కర్త యింటిలో తన మాట వినబడవలెనన్నచో ఆ కాలపు గాయకురాలు తన వేషమును, తన పేరును వాకిట విడిచి రావలసినదే. ఇంత సానుభూతితో వ్రాసిన నాటకమునను ఆమె మాట పురుషుడు వ్రాసినదే యన్నది మఱవరాదు. ఆమె తన పేర తాను పలికిన ఘట్టమునకు మనము వేఱొకచోటికి పోవలసి యుండును.

1919లో విజయనగరమున విజయరామగజపతి సంగీతకళాశాలను స్థాపించెను. కొలువులోని ఒక ఉద్యోగి కుమారుడు అంధుడు, ఆతని సంగీతాభిలాషయే దీనికి నిమిత్త మని ప్రతీతి. అజ్జాడ ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి అధ్యక్షులు. విద్యార్థిగా చేరవచ్చిన ద్వారం వేంకటస్వామినాయుడుగారి వాదనము విని, ఆయనను ఆచార్యునిగనే నియమించిన కథ సుప్రసిద్ధము. 1936లో నాయుడుగారు అధ్యక్షులైరి; 1941లో మదరాసు సంగీత విద్వత్సభవారి సంగీతకళానిధి గౌరవము పొందిరి. గాయకునికి క్రొత్త పేరు వచ్చినది ఇచ్చటనే. ఆ పేరు 'విద్వాంసుడు'. అది పుట్టుకతో గాని, గుడితో గాని రాలేదు. పరీక్షతో, యోగ్యతాపత్రముతో వచ్చినది. ఎవరైనను నేర్వవచ్చు నన్న ఈ యేర్పాటు గొప్పది. పేదపిల్లవాడు వారాలన్నము తిని సంగీతము నేర్చుటకు వీలిచ్చినది ఇదియే. కాని యోగ్యతాపత్రము లేని విద్యకు విద్య యన్న పేరు పోవుట కూడ అప్పుడే ఆరంభమయినది.

నారాయణదాసుగారి (1864-1945) విషయమున నాకొక ఆశ్చర్యము తీఱదు. ఆయన కాలికి గజ్జెకట్టి, చేత చిడతలు పట్టి, ఆడి, పాడి, అభినయించి హరికథ చెప్పెడివారు. గానమును, నాట్యమును, వాక్యమును ఒక్క దేహమున నిలుపుట దేవదాసీ విద్య కెట్లో, హరికథకు నట్లే ప్రాణము. అవే దశాబ్దములలో గజ్జెకట్టిన స్త్రీని చూచుట పాపమని సంస్కర్తలు బోధించుచుండిరి. గజ్జెకట్టిన దాసుగారిని హరికథాపితామహు డని లోకము పూజించుచుండెను. దాసుగారి ప్రతిభ కిది యేమియు కొఱత కాదు. 'దశవిధరాగ నవతికుసుమమంజరి'లో తొంబది రాగములను కూర్చిన పండితునకు, ఏకకాలమున వేర్వేఱు తాళములు నడిపిన లయజ్ఞునకు గౌరవము తగినదే. 'నా యెఱుక' యని తన కథను తానే వ్రాసికొనగల స్వాతంత్ర్య మాయన కుండెను. సానికి అట్టి అవకాశము మిక్కిలి తక్కువ.

మిక్కిలి తక్కువ యంటిని గాని, లేకపోలేదు. పైని చెప్పిన వేఱొకచోటు ఇదియే. బెంగుళూరు నాగరత్నమ్మగారు (1878-1952) కళింగమువారు కారు. అయినను తెలుగు పాటతో బ్రతికి, తన కులమునకు తానే పేరు చెప్పుకొన్న గాయనిగా ఆమె లేక ఈ చరిత్ర చెల్లదు. తంజావూరి కొలువున నుండిన ముద్దుపళని రచించిన 'రాధికాసాంత్వనము'ను ఆమె 1910లో ప్రకటించెను. అంతకుముందు అచ్చులో కవయిత్రి వంశపరిచయమును, కొన్ని పద్యములను తొలగించిరని ఆమె అభియోగము. తన పీఠికలో కవయిత్రి వేశ్యయే యని దాచక చెప్పినది. అనంతరము ప్రభుత్వము ఆ గ్రంథమును నిషేధించినది. 1920-30ల నడుమ దేవదాసీ వృత్తిపై చట్టసభలో చర్చ జరిగినపుడు ఆమెయు, ఆమె తోడివారును ప్రభుత్వమునకు విన్నపములు పంపి, తమ పేరు వ్యభిచారమునకు పర్యాయము కాదనిరి. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధికి ఆలయము కట్టించినదియు ఆమెయే. శాసనములందు దాతలుగా కనబడు సానుల వరుసలో ఆమె చివరిది యనవచ్చును.

1929 నాటి సవరణ చట్టము దేవదాసీల మాన్యములను సేవానిర్బంధమునుండి విడిపించినది. 1947 నాటి మదరాసు చట్టము అంకితము నిషేధించినది. బాలికలను తెలియనివయస్సున వృత్తిలో దింపు దురాచారమును మాన్పుటకు అది అవసరమే. ఆ విషయమున నాకు సందేహము లేదు. నా ప్రశ్న వేఱు. వృత్తితో పాటు విద్యను వేఱుచేసి కాపాడు యత్నము చట్టములో లేదు. క్షేత్రయ్య పదములను, జావళులను, అష్టపదులను కంఠస్థము చేసికొన్న స్త్రీలలో కొందఱు హరికథకును, కొందఱు నాటకమునకును, గ్రామఫోను ప్లేటునకును, సినిమాకును పోయిరి. పెక్కుమంది మౌనము వహించి, పిల్లలకు తమ పూర్వము చెప్పకుండిరి. అదే 1947లో 'రాధికాసాంత్వనము'పై నిషేధము తొలగుట విధివిలాసము. కావ్యమునకు విడుదల; కావ్యకర్త్రి కులమువారికి వృత్తినిషేధము.

విజయనగర కళాశాలలో చదివినవారి చరిత్రలోను పేరు సమస్య తప్పలేదు. సాలూరులో చినగురువుగారని ప్రసిద్ధులైన పట్రాయని సీతారామశాస్త్రిగారు (1900-1957) ఈ కళాశాలలో గాత్రాచార్యులు. ఆయన శిష్యుడు ఘంటసాల వేంకటేశ్వరరావు మధుకరమెత్తి చదివి పట్టము పొందెను. 1935లో విజయనగరమున జన్మించిన పి. సుశీలయు ఇచ్చటి విద్యార్థినియే. వీరిద్దఱి కంఠములు తెలుగువారి యింటింట వినబడినవి. అయినను 'శాస్త్రీయ గాయకులు' ఎవరని యడిగిన ముందుగా వారి పేరు చెప్పువారు తక్కువ. విద్య ఒక్కటే, పాడిన చోటు వేఱు. చోటునుబట్టి పేరు పెట్టుట మనకు సానుల కాలమునుండియు నున్న అలవాటే.

గాయకుని బొమ్మను చలనచిత్రములు చిత్రించిన తీరును గమనింపదగును. 1959లో వచ్చిన 'జయభేరి'లో నాయకుడు శాస్త్రీయ విద్వాంసుడు. సంచారమేళపు స్త్రీని ప్రేమించి వెలికి లోనగును. ఆతనికి కంఠమిచ్చినది ఘంటసాలయే. 1980లో వచ్చిన 'శంకరాభరణము'లో విద్వాంసుడు శంకరశాస్త్రి. ఆయన గానమును దైవముగా కొలుచు తులసి వేశ్యాకులమున పుట్టినది. లోకమంతయు మెచ్చిన చిత్రమది, నేనును మెచ్చినవాడనే. కాని పాత్రల విభజనను చూడుడు. విద్య ఆయనది, భక్తి ఆమెది. దాక్షారామమున మున్నూఱుగురు సానులు దేవునికి పాడిన దేశమున, సాని కూతురు బ్రాహ్మణుని గానమును దూరమునుండి వినుచు తరించునదిగా చిత్రింపబడినది. పూరి శాసనములో నలుగురు వైష్ణవుల గానము విని నేర్చుకొనుమన్న ఆజ్ఞకు ఇది ఎంతో దూరము లేదు.

ముఖలింగమునకు మరల వత్తము. ఆ దేవుని పేరులో మధుక మనగా ఇప్పచెట్టు. ఆ చెట్టు మ్రోడులో శివుడు ముఖము చూపెనని స్థలకథ. ఆ కథలో సవరస్త్రీ యొకతె కలదు. దేవుని పేరులో చెట్టు నిలిచినది, ఆమె పేరు నిలువలేదు. సవరభాషకు వ్యాకరణమును, నిఘంటువును కూర్చి, ముఖలింగపు రాళ్లను చదివినవా రొక్కరే యగుట చిత్రము. రామమూర్తిగారు చదివిన గోడలపై దీపము పెట్టినవారి పేర్లు నేటికిని చదువ వీలగుచున్నవి. 'సాని' మాట తెలుగున నేడు 'దొరసాని'లో గౌరవముగను, 'సానివాడ'లో నిందగను వినబడుచున్నది. మాట రెండుచోట్లను ఒక్కటే.